బడిలోకి వచ్చే ఊరు

ఆస్ట్రేలియాలో ఎన్నికలు శనివారమే జరుగుతాయి. కేంద్ర ఎన్నికల్లో ఓటు వేయడం 1924లో వచ్చిన చట్టం నుంచి తప్పనిసరి. ఊరికే మానేస్తే జరిమానా పడుతుంది. పోలింగ్ కేంద్రాల్లో చాలా భాగం బడులే. కాబట్టి ఆ రోజు ఊరంతా బడికి వస్తుంది. గేటు దగ్గరే బార్బెక్యూ మీద ఉల్లిపాయలు వేగుతుంటాయి. బ్రెడ్డు ముక్కలో చుట్టిన సాసేజ్, టమాటా సాస్ సీసా, పక్క బల్ల మీద ఇళ్ళలో చేసుకొచ్చిన కేకులు. అమ్మేది ఆ బడి పిల్లల తల్లిదండ్రులు, మిగిలిన డబ్బు బడికే. దీనికి ‘డెమోక్రసీ సాసేజ్’ అని పేరు పడింది. 2016లో ఆస్ట్రేలియన్ నేషనల్ డిక్షనరీ సెంటర్ ఆ ఏటి మాటగా దాన్నే ఎంపిక చేసింది కూడా.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఇంత కలిగిన దేశంలో ప్రభుత్వ బడి ఆటస్థలానికి నీడ వేయించడం కోసం తల్లులు, తండ్రులు తెల్లవారకుండానే లేచి ఉల్లిపాయలు ఎందుకు తరగాల్సి వస్తోంది? ఈ ప్రశ్న అక్కడా అడుగుతున్నారు. బడికి జనం చేసే సాయమంతా ఒక్క రకం కాదు. బడి తనంతట తాను చేసుకోలేని పనిలో ఊరు చేయి కలపడం ఒకటి. సర్కారు చేయాల్సిన పనిని జనం నెత్తికెత్తుకోవడం మరొకటి. రెంటినీ ‘భాగస్వామ్యం’ అనే పిలుస్తున్నారు. విడదీసి చూస్తే తప్ప ఏది మెచ్చుకోవాలో, ఏది నిలదీయాలో తెలియదు.

విక్టోరియా 1872లో, న్యూ సౌత్ వేల్స్ 1880లో చట్టాలు చేసి చదువును ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాయి. అప్పటి నుంచి జీతాలు, భవనాలు, పాఠాలు రాజధానిలోని శాఖ చూసుకునేది. ఊరికి మిగిలింది చిల్లర పని. ఆ చిల్లర పని చుట్టూనే సంఘాలు పుట్టాయి. న్యూ సౌత్ వేల్స్‌లో తల్లిదండ్రులు, పౌరులు కలిసిన పి అండ్ సి సంఘాలు 1922లో సమాఖ్యగా ఏర్పడ్డాయి. విక్టోరియాలో తల్లుల క్లబ్బులు 1925లో ఒక్కటయ్యాయి. ఆ సమాఖ్యే నేటి పేరెంట్స్ విక్టోరియా. న్యూ సౌత్ వేల్స్ సంఘం పేరులోని ‘పౌరులు’ అలంకారానికి పెట్టింది కాదు. బడిలో పిల్లలు లేనివాళ్ళు కూడా సభ్యులు కావచ్చు. ఈ సంగతి చాలామంది స్థానికులకే గుర్తుండదు.

ఈ సంఘాల అసలు కొలువు క్యాంటీన్. క్వీన్స్‌లాండ్‌లో దాన్నే టక్‌షాప్ అంటారు. పిల్లవాడి పేరు, తరగతి, కావలసింది రాసిన కాగితం సంచిలో చిల్లర వేసి పంపడం నిన్నమొన్నటి పద్ధతి; ఇప్పుడు చాలా చోట్ల ఆర్డరు ఫోన్ యాప్‌లో వెళ్తుంది. జీతం తీసుకునే మేనేజరు ఒకరో ఇద్దరో ఉంటారు. శాండ్‌విచ్‌లు కట్టి, సంచులను తరగతి బుట్టల్లో సర్ది, భోజనం గంటకు అందించే చేతులు మాత్రం వాలంటీర్లవి. రోస్టర్‌లో పేరు రాసుకున్న తల్లి ఒక పూట అక్కడ నిలబడితే ఏ టీచరు ఎలాంటివారో, ప్రిన్సిపాల్ దేనికి సరేనంటారో, బడిలో ఏం జరగబోతోందో అన్నీ చెవిన పడతాయి. కొత్తగా దేశం వచ్చిన వాళ్ళకు ఇంత సమాచారం ఏ కరపత్రమూ ఇవ్వదు.

క్యాంటీన్ కాక పాత యూనిఫారాల దుకాణం, వసంతంలో ఫెట్ అనే తిరునాళ్ళ లాంటి సంత, శనివారం పొద్దున తోట బాగుచేసే వర్కింగ్ బీ. బన్నింగ్స్ హార్డ్‌వేర్ దుకాణాల ముంగిట వారాంతం సాసేజ్ స్టాల్‌కి కూడా బడులు, సేవా సంఘాలు వంతులు వేసుకుంటాయి.

ఇక్కడే చిక్కు. తల్లిదండ్రులు డాక్టర్లు, లాయర్లు అయిన పేటలో ఒక్క ఫెట్ తెచ్చిపెట్టే డబ్బు, కూలీనాలీ చేసుకునే పేట బడి ఏళ్ళ తరబడి సాసేజ్‌లు అమ్మినా రాదు. ఏ బడికి లోటు ఎక్కువో ఆ బడి తల్లిదండ్రులకే తీరిక తక్కువ. 2011లో కేంద్రం వేసిన డేవిడ్ గోన్‌స్కీ సంఘం పిల్లల అవసరాన్ని బట్టి బడికి నిధులివ్వాలని గట్టిగా చెప్పింది. దాతల సొమ్ము వెనకబడిన బడులకు చేరేందుకు ఒక మార్గం కూడా సూచించింది. దాని ఫలితంగానే ఆస్ట్రేలియన్ స్కూల్స్ ప్లస్ అనే సంస్థ వచ్చింది. దాతృత్వం దారి దొరికింది కానీ, ప్రభుత్వ బడులకు లెక్క ప్రకారం రావలసిన పూర్తి నిధుల మీద కేంద్రం, రాష్ట్రాల పేచీ ఆ తర్వాత పదేళ్ళు దాటినా నడుస్తూనే వచ్చింది.

అల్పాహారం సంగతీ అంతే. విక్టోరియాలో 2016 నుంచి ఫుడ్‌బ్యాంక్ సంస్థ ప్రభుత్వ నిధులతో బడులకు సరుకు అందిస్తోంది. 500 బడులతో మొదలైన పథకం తర్వాత 1000కి పెరిగింది. పొద్దున్నే టోస్ట్ కాల్చి, సీరియల్ గిన్నెల్లో పోసి, కడిగి వెళ్ళేది టీచర్లు, వాలంటీర్లు. ఆకలితో వచ్చిన పిల్లవాడికి ముందు తిండి పెట్టాలి, వాదన తర్వాత. కాకపోతే అల్పాహార క్లబ్బులు పెరగడాన్ని విజయంగా లెక్కగట్టే వార్షిక నివేదికలు చదివినప్పుడు, ఆ ఇళ్ళలో పొద్దుటి తిండి ఎందుకు లేదన్న మాట ఎవరైనా ఎత్తితే బాగుండుననిపిస్తుంది.

ఇక మొదట చెప్పిన రకం, ఊరు చేయి కలపడం. మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ కాలేజీ పేరుకు కాలేజీ గానీ చిన్న పిల్లలూ చదివే ప్రభుత్వ బడి. చుట్టూ ఎత్తయిన ప్రభుత్వ ఫ్లాట్లు, రకరకాల దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు. పేరున్న రెస్టారెంట్ నడిపిన వంటగత్తె, రచయిత్రి స్టెఫనీ అలెగ్జాండర్ 2001లో ఆ ఆవరణలో కూరగాయల తోట, దాని పక్కన వంటిల్లు మొదలుపెట్టారు. 2004లో ఫౌండేషన్ ఏర్పడి పద్ధతి దేశమంతా పాకింది. మూడో తరగతి నుంచి ఆరు దాకా పిల్లలు తోటలో పాదులు తీస్తారు, అక్కడ పండిందే కోసుకొచ్చి వండుతారు, బల్లల చుట్టూ కూర్చుని కలిసి తింటారు. ఎనిమిదేళ్ళ పిల్లల చేతికి నిజమైన కత్తి ఇస్తారు. అందుకే నలుగురైదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి పక్కన ఉండాలి. ఒక్క టీచరు వల్ల అయ్యే పని కాదు. ఆ పెద్ద మనుషులు తల్లిదండ్రులు, తాతలు, పక్క వీధిలో ఉండే రిటైరైనవాళ్ళు. తులసి, కొత్తిమీర, చిక్కుడు ఏ నెలలో వేయాలో తెలిసిన ముసలమ్మకు ఇంగ్లిషు రాకపోయినా ఈ తోటలో చోటుంటుంది.

గమనించాల్సింది ఇంకొకటుంది. తోటకు ఒకరు, వంటింటికి ఒకరు జీతం మీద ఉంటారు. ఏ వారం ఏం వండాలో, ఎవరికి ఏది పడదో, ఎవరెవరు వస్తున్నారో వాళ్ళు చూసుకుంటారు. ఉచిత సేవ నిలబడాలంటే దాన్ని నడిపే మనిషికి జీతం ఉండాలి. ఆ జీతం తగ్గించిన చోట తోటలో కలుపు మొలవడానికి ఎంతోసేపు పట్టదు.

స్ట్రాత్‌యువెన్ కథ వేరు. మెల్‌బోర్న్‌కు ఈశాన్యంగా కొండల్లో ఉన్న చిన్న ఊరు. 2009 ఫిబ్రవరి 7న, ‘బ్లాక్ సాటర్‌డే’ అని పిలిచే రోజున, విక్టోరియా కార్చిచ్చుల్లో 173 మంది చనిపోతే అందులో 27 మంది ఈ ఊరివాళ్ళు. బడి కాలిపోయింది. మళ్ళీ కట్టారు. కొన్నేళ్ళు గడిచాక బడిలో ఉన్న పిల్లలకు ఆ రోజు సరిగా గుర్తు లేదు, కానీ ఇంట్లో పెద్దవాళ్ళ భయం మధ్యే పెరిగారు. వేసవి వస్తే మంటల గురించి మాట్లాడాలా, పిల్లల్ని బెదరగొట్టకుండా ఊరుకోవాలా?

బడి మాట్లాడాలనే నిర్ణయించింది. ఆర్థర్స్ క్రీక్-స్ట్రాత్‌యువెన్ అగ్నిమాపక దళం కంట్రీ ఫైర్ అథారిటీ కింద పనిచేస్తుంది. సభ్యులు ఊళ్ళోని వాలంటీర్లే. వాళ్ళు పై తరగతుల పిల్లలతో కూర్చుని గాలి, తేమ, ఎండిన ఆకు, నేల వాలు మంటను ఎలా నడిపిస్తాయో చెప్పారు. విన్నదాన్ని పిల్లలు తమ సొంతం చేసుకున్నారు. ‘ది డే షి స్టోల్ ది సన్’ అనే పుస్తకం తయారుచేశారు, మట్టిబొమ్మలతో యానిమేషన్ చిత్రం తీశారు. మంట గురించి పిల్లలు ఇంట్లో మాట్లాడ్డం మొదలుపెడితే పెద్దవాళ్ళూ తమ ఇంటి ప్రణాళిక బయటికి తీయక తప్పదు. అగ్నిమాపక దళానికి కావలసిందీ అదే. ఇక్కడ ఎవరు ఎవరికి సాయం చేశారో తేల్చడం కష్టం. అలా తేల్చలేకపోవడమే భాగస్వామ్యానికి సరైన గుర్తు.

ఆదివాసీ పిల్లల చదువులో ఈ లెక్క మరీ సున్నితం. న్యూ సౌత్ వేల్స్‌లో ఆదివాసీ విద్యా సలహా సంఘం 1977 నుంచి ఉంది. దాని స్థానిక శాఖలు బడులతో కూర్చుని మాట్లాడతాయి. 2005లో జాక్ మానింగ్ బ్యాన్‌క్రాఫ్ట్ అనే సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థి 25 మంది తోటి విద్యార్థులను పోగేసి అలెగ్జాండ్రియా పార్క్ కమ్యూనిటీ స్కూల్‌లో 25 మంది ఆదివాసీ పిల్లలకు తోడుగా పెట్టాడు. అదే ఏఐఎంఈ. అన్నలు, అక్కల్లాంటి వాళ్ళు వారం వారం పక్కన కూర్చుంటే పై చదువు తమకూ అందేదేనని పిల్లలకు తోస్తుందన్నది దాని పునాది. మరోవైపు ఆదివాసీ సంస్కృతిని పండగ చేసుకునే నైడాక్ వారం వచ్చిందంటే పెద్దలకు ప్రతి బడి నుంచీ పిలుపే. కథ చెప్పమని, భాష నేర్పమని, స్వాగతం పలకమని. వాళ్ళ జ్ఞానాన్ని ఉచితంగా వచ్చేదిగా చూడకూడదని, గౌరవ వేతనం ఇవ్వాలని ఆదివాసీ సంఘాలు అడుగుతున్నాయి. న్యాయమైన మాటే. గణిత నిపుణుణ్ణి పిలిస్తే ఫీజు ఎంతని ముందే అడుగుతారు మరి.

చదవడం రాని పిల్లల పక్కన కూర్చునే పనికి పెద్ద హడావుడి అక్కర్లేదు. పెర్త్‌లో పుట్టిన ఎడ్‌కనెక్ట్ ఎక్కువగా రిటైరైనవాళ్ళను బడులకు పంపుతుంది. విక్టోరియాలో ఆర్డాక్ సంస్థ ఉద్యోగులకూ పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడిపిస్తుంది. ఏడాదికోసారి కంపెనీ టీ-షర్ట్ వేసుకుని గోడలకు రంగు పూసి ఫొటో దిగి వెళ్ళేవారి కన్నా, ప్రతి మంగళవారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి ఒకే పిల్లతో పది పేజీలు చదివించే ముసలాయన వల్ల బడికి ఎక్కువ మేలు. ప్రిన్సిపాళ్ళను విడిగా అడిగితే చాలామంది ఇదే చెబుతారు. బయటికి మాత్రం కంపెనీకి ధన్యవాదాలు.

ఎవరిని లోపలికి రానివ్వాలి? ఈ ప్రశ్న కిందటి పాతికేళ్ళలో ముదిరింది. పిల్లలతో పనిచేసేవాళ్ళ పూర్వాపరాలు చూసే చట్టం న్యూ సౌత్ వేల్స్‌లో 2000లోనే అమలుకు వచ్చింది. క్వీన్స్‌లాండ్‌లో అలాంటి తనిఖీని బ్లూ కార్డ్ అంటారు. సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక అఘాయిత్యాలపై 2013 నుంచి 2017 దాకా సాగిన రాయల్ కమిషన్ తర్వాత నిబంధనలు మరింత బిగిశాయి. చాలా రాష్ట్రాల్లో వాలంటీర్లకు ఈ తనిఖీ ఉచితం. సొంత బిడ్డ చదివే బడిలో తల్లిదండ్రులకు చాలా సందర్భాల్లో మినహాయింపు ఉంది, అయినా గుర్తింపు చూపి సంతకం పెట్టాల్సిందే. బిడ్డ బడికి సాయం చేయబోతే ఇన్ని కాగితాలా అని కొత్తవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. పిల్లల విషయంలో ఆ దేశం ఖరీదు చెల్లించి నేర్చుకున్న జాగ్రత్త ఇది.

మతం విషయం అంత తేలిగ్గా తేలలేదు. న్యూ సౌత్ వేల్స్‌లో 1880 చట్టం నాటి నుంచి మత సంస్థల వాలంటీర్లు ప్రభుత్వ బడి వేళల్లోనే వారానికోసారి మతబోధ చేయవచ్చు. ఇప్పుడు ఆ వరుసలో హిందూ సంస్థలూ ఉన్నాయి. మతపాఠం వద్దన్న పిల్లలు ఆ గంట ఖాళీగా కూర్చునేవారు. 2010లో వారికోసం నీతిశాస్త్ర తరగతులు వచ్చాయి. ప్రైమరీ ఎథిక్స్ సంస్థ వాటినీ వాలంటీర్లతోనే నడుపుతోంది. విక్టోరియా 2016లో మతబోధను పాఠాల వేళల నుంచి తప్పించి భోజన విరామానికో, బడి ముందో వెనకో జరిపింది. బడుల్లో చాప్లిన్లనే మత సేవకులకు 2007 నుంచి కేంద్రం డబ్బిస్తుంటే టూవూంబా పట్టణానికి చెందిన రాన్ విలియమ్స్ అనే తండ్రి హైకోర్టుకెక్కి 2012లోనూ 2014లోనూ గెలిచాడు. పథకం రాష్ట్రాల చేతుల మీదుగా కొనసాగింది గానీ, బడి గుమ్మం దగ్గర నిలబడే ప్రతి సేవకుడి వెనకా ఒక ఉద్దేశం ఉంటుందని ఆ వ్యాజ్యం గుర్తు చేసింది.

మరి ఇందులో తెలుగువాళ్ళెక్కడ? 2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 34 వేలు. 2021కి 59 వేలు దాటారు. మెల్‌బోర్న్ పడమట టార్నీట్, ట్రుగనినా, పాయింట్ కుక్; సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్, ద పాండ్స్, షోఫీల్డ్స్. ఈ పేటల్లో చాలా బడులు కొత్తవి, తరగతి నిండా భారతీయ ముఖాలు. ఉగాదికీ దీపావళికీ తెలుగు సంఘాలు అద్దెకు తీసుకునేది తరచు బడి హాలే. వారాంతంలో అఆలు నేర్పేదీ ఖాళీ తరగతి గదుల్లోనే. దేశమంతటా ఇలాంటి సాముదాయిక భాషా బడుల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. చెప్పేది ఎక్కువగా వారమంతా ఉద్యోగం చేసి శనివారం పలకా బలపం పట్టుకునే తల్లులు, తండ్రులు.

ఈ ఓపికకు దండం పెట్టాల్సిందే. అయితే శనివారం బడికీ సోమవారం బడికీ మాటల్లేవు. శనివారం వచ్చినవాళ్ళు అద్దెదారులు. కుర్చీలు జరిపారనో, బోర్డు మీద రాసుకున్నది చెరిపారనో వచ్చే ఫిర్యాదు తప్ప సోమవారం టీచరుకు వాళ్ళ జాడ తెలియదు. తన తరగతిలో మౌనంగా కూర్చునే పిల్ల శనివారం తెలుగులో గలగలా పద్యం చెబుతుందని ఆమెకు తెలిస్తే ఆ పిల్ల గురించి అనుకునేది మారుతుంది. మార్చి 21న, బహుళ సంస్కృతుల వేడుకైన హార్మొనీ డే నాడు చీర కట్టించి, సమోసాలు పంపితే ఆ కబురు చేరదు.

ఇంతకంటే మెరుగైన దారి మెల్‌బోర్న్ ఉత్తరాన బ్రాడ్‌మెడోస్ ప్రాంతంలో కనిపించింది. అక్కడ స్కాన్లన్ ఫౌండేషన్ ఊతంతో ప్రాథమిక బడుల్లోనే కమ్యూనిటీ హబ్‌లు వెలిశాయి, తర్వాత వేరే రాష్ట్రాలకూ వెళ్ళాయి. పిల్లల్ని దింపడానికి వచ్చిన వలస తల్లులు అక్కడే ఇంగ్లిషు నేర్చుకుంటారు, పసిపిల్లల్ని ఆడించుకుంటారు. కొన్నాళ్ళకు తర్వాత వచ్చినవారికి దారి చూపే వాలంటీర్లవుతారు. గేటు బయట ఆగిపోయే మనిషిని లోపలికి తెచ్చిందేమిటంటే జీతం మీద ఉన్న ఒక హబ్ నాయకురాలు, ఒక కప్పు టీ.

మొత్తంగా చూస్తే చేతులు తగ్గుతున్నాయి. ఏదైనా సంస్థకు ఉచితంగా పనిచేశామన్నవారు 2016 జనగణనలో 19 శాతం, 2021లో 14.1 శాతం. ఆ లెక్క తీసింది కోవిడ్ రోజుల్లో కాబట్టి కొంత తగ్గుదల దాని ఖాతాలోదే. మెల్‌బోర్న్ బడులు నెలల తరబడి తల్లిదండ్రులను గేటు బయటే ఆపాయి. అప్పుడు తెగిన అలవాటు అందరికీ తిరిగి రాలేదు. కోవిడ్ కన్నా ముందు నుంచీ ఉన్న కారణం ఇంటి అప్పు. ఇద్దరూ సంపాదిస్తే గానీ కంతు తీరని ఇంట్లో మంగళవారం పొద్దున తొమ్మిదికి ఎవరికి ఖాళీ? చాలా చోట్ల క్యాంటీన్ కాంట్రాక్టరు చేతికి పోయింది. మిగిలిన పని తల్లుల మీదే ఎక్కువ పడుతోంది. సాసేజ్ కాల్చే పటకారు మాత్రం తండ్రుల చేతిలో ఉంటుంది.

స్వదేశంతో పోలిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనకు 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. కాగితం మీద ఇది ఆస్ట్రేలియా కన్నా గట్టి హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి నాడు-నేడు, తెలంగాణలో 2022 నాటి మన ఊరు-మన బడి ప్రవాసుల విరాళాలనూ ఆహ్వానించాయి. పాత బడికి గదులు, బెంచీలు, కంప్యూటర్లు పంపిన ప్రవాసులు ఎందరో. అదే మనిషి మెల్‌బోర్న్‌లో తన కూతురు చదివే బడి కౌన్సిల్‌లో ఎవరున్నారో అడిగితే చెప్పలేకపోవచ్చు. డబ్బు పంపడం అలవాటైన దారి. సమావేశంలో కూర్చుని బడ్జెట్ కాగితం చదివి, ఆటస్థలానికి నీడ ప్రభుత్వ నిధులతో ఎందుకు వేయరని అడగడం ఇంకా అలవాటు కాలేదు.

అడిగే చోటు మాత్రం ఉంది. విక్టోరియాలో ప్రతి ప్రభుత్వ బడికీ కౌన్సిల్ ఉంటుంది, సభ్యుల్లో మూడో వంతుకు మించి తల్లిదండ్రులే ఉండాలి. పదవీకాలం రెండేళ్ళు. ఏటా మొదటి టర్మ్‌లో సగం స్థానాలకు నామినేషన్లు పిలుస్తారు, మార్చి ముగిసేలోగా ఎన్నిక జరగాలి. అవసరమైన నైపుణ్యం ఉన్న స్థానికులను కౌన్సిల్ విడిగా చేర్చుకోవచ్చు కూడా. చాలా బడుల్లో పోటీయే ఉండదు. స్థానాలు ఎన్నో నామినేషన్లూ అన్నే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. నామినేషన్ ఫారం ఒక్క పేజీ.